నాగేటి చాలులో కవికోకిల

లోకానికి అన్నం పెట్టే రైతుకు కావ్యలోకంలో పెద్దపీట దక్కడానికి చాలా కాలం పట్టింది. ప్రాచీన తెలుగు కావ్యాలలో నాయకులు దేవతలు, చక్రవర్తులు, రాజకుమారులు. ఋతువర్ణనల సందర్భంలో మాత్రమే పల్లెలు, పొలాలు అక్కడక్కడ తొంగిచూశాయి. ఆముక్తమాల్యదలో శ్రీకృష్ణదేవరాయలు వానకాలాన్ని వర్ణిస్తూ సేద్యపు పనులను సైతం కళ్లకు కట్టించాడు. అయినా అక్కడ రైతు ఒక సుందర దృశ్యంలో భాగమే కాని కథానాయకుడు కాడు. 1899లో చిత్తూరు సీమకు చెందిన కట్టమంచి రామలింగారెడ్డి ముసలమ్మ మరణం రచించి, అనంతపురం దగ్గరి బుక్కరాయసముద్రం చెరువుకట్ట తెగకుండా ప్రాణమర్పించిన ఒక రైతు ఇంటి కోడలిని కావ్యనాయికను చేశారు. ఆ తరువాత ఇరవై ఏళ్లకు, 1919లో, కృషీవలుడు అనే పద్యకావ్యం వెలువడింది. ఈసారి నాగలి పట్టిన సామాన్యుడే నాయకుడు. ఆ కావ్యాన్ని రచించిన దువ్వూరి రామిరెడ్డి స్వయంగా సేద్యగాడు.

రామిరెడ్డి 1895 నవంబరు 9న నెల్లూరు జిల్లా గూడూరులో జన్మించారు. స్వగ్రామం అదే జిల్లాలోని పెమ్మారెడ్డిపాలెం. వారిది వ్యవసాయ కుటుంబం. ఆనాడు ఈ ప్రాంతమంతా మద్రాసు రాజధానిలో అంతర్భాగం. పులికాట్ సరస్సుకు పడమరగా ఉన్న సత్యవేడు నుంచి ఉత్తరానికి సాగితే తడ, సూళ్లూరుపేట, నాయుడుపేటల మీదుగా గూడూరు చేరుకుంటాము. పరిపాలనలో సత్యవేడు అప్పుడు చెంగల్పట్టు జిల్లాకు చెంది ఉండేది. 1960లో గాని అది ఆంధ్రప్రదేశ్‌లో చేరలేదు. అయితే గీతలు గీసిన పటాలు వేరైనా ఈ నేలల బ్రతుకు ఒకటే. చెరువు, వరిమడి, మెట్టచేను, పశువుల మంద, తూర్పు సముద్రం నుంచి రావలసిన వాన, ఇవే ఇక్కడి రైతుకు ఆస్తిపాస్తులు. నాగలిని సత్యవేడు వైపు మడక అన్నా, దానిని పట్టిన చేతులలోని కాయలు మాత్రం ఒక్కటే.

రామిరెడ్డికి ఉన్నత విద్య అభ్యసించే అవకాశం కలగలేదు. పండిత వంశంలో పుట్టినవారు కారు. విశ్వవిద్యాలయ పట్టాలు లేవు. అయినా జ్ఞానతృష్ణ అపారం. ఇంటివద్దనే ఉండి సంస్కృతాంధ్ర కావ్యాలను పరిశీలించారు. ఆంగ్ల సాహిత్యాన్ని చదివారు. పారశీక భాషను నేర్చుకున్నారు. పల్లెలో ఉన్నవాడు చదువుకు దూరమన్న అభిప్రాయం బలంగా ఉన్న రోజులవి. నాలుగు అక్షరాలు వచ్చిన రైతుబిడ్డ కాడిని దించి కచేరీ కొలువుకు వెళ్లడమే అభ్యుదయమని పలువురు భావించేవారు. చదువుకున్నవాడికి సేద్యం తగదు, సేద్యగాడికి చదువు తగదు అన్న ఈ విభజనను రామిరెడ్డి జీవితమే ఖండించింది.

ఆయన కవిత్వాన్ని గ్రహించడానికి ఆయన చుట్టూ తిరిగిన సంవత్సరచక్రాన్ని గ్రహించాలి. దక్షిణాంధ్ర పల్లెలో రైతు ఇంటికి గోడమీది పంచాంగం కంటె కార్తెలే ముఖ్యం. ఉగాది నాడు పంచాంగ శ్రవణంలో అందరూ చెవి ఒగ్గి వినేది వానలు ఎలా ఉంటాయన్న మాట కోసమే. ఎండలు ముదిరినప్పుడు చెరువు అడుగంటుతుంది. అప్పుడు బండ్లు కట్టి ఒండ్రుమట్టిని, దిబ్బలోని ఎరువును పొలాలకు తోలుతారు. రోహిణి కార్తె ఎండకు రోళ్లు పగులుతాయని సామెత. ఆ ఎండలోనే ఇంటి మగవారు కాడి, మేడి సరిచూసుకుంటారు. ఆడవారు విత్తనపు కుండల మూతలు విప్పి గింజకు పురుగు తగిలిందేమో పరిశీలిస్తారు. తొలకరి చినుకు పడి మట్టివాసన లేచిన నాడు ఏరువాక సాగుతుంది. ఎద్దులకు పసుపు కుంకుమలు పెట్టి, కొమ్ములకు రంగులు పూసి తొలిచాలు దున్నడం ఆ ఇంటికి పెద్ద పండుగ.

అయితే తొలకరితో ఈ ప్రాంతపు రైతు గుండె కుదుటపడదు. తెలుగుదేశంలో చాలా భాగానికి నైరుతి ఋతుపవనం ఆధారం. నెల్లూరు, సత్యవేడు ప్రాంతాలలో మాత్రం ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వీచే ఈశాన్య ఋతుపవనం వలననే కురుస్తుంది. చిత్త, స్వాతి కార్తెలలో వాన పడి చెరువు నిండితే వరినాట్లు సాగుతాయి. ఆ వాన తప్పితే నారు మడిలోనే ముదిరిపోతుంది. వాన మితిమీరితే తుపాను రూపంలో వచ్చి కట్టలను తెంచుతుంది. అందువల్ల దీపావళి వేళ ఈ పల్లెలలో అందరి చూపు ఆకాశం మీదనే ఉంటుంది. కొద్ది వారాల వానమీద ఒక కుటుంబపు ఏడాది భోజనం, కట్టవలసిన శిస్తు, పిల్ల పెండ్లి, పాత అప్పు అన్నీ ఆధారపడి ఉంటాయి. అర్ధరాత్రి వాన హోరు వినగానే తలపాగా చుట్టి, పార భుజాన వేసుకొని, లాంతరు పట్టుకొని చెరువుకట్టకు పరుగెత్తే రైతుకు అది కేవలం ప్రకృతి శోభ కాదు, జీవన్మరణ సమస్య.

వాన కరుణించిన ఏడు ఆ ఇంటి శోభ వేరు. తెల్లవారుజామున కోడికూతకు ముందే ఇల్లాలు లేచి పశువులకొట్టం ఊడ్చి, పాలు పితికి, మజ్జిగ చిలుకుతుంది. మగవాడు చీకటితోనే ఎద్దులను తోలుకొని పొలానికి సాగుతాడు. పొద్దెక్కిన తరువాత చద్దిమూట నెత్తిన పెట్టుకొని ఇల్లాలు గట్టు వెంట నడచివస్తుంది. నాట్ల వేళ ఆడవారి పాటలతో మడులు మారుమ్రోగుతాయి. సంక్రాంతి నాటికి కొన్ని చేలు ఈనికమీద ఉంటాయి, ముందుగా నాటినవి కోతకు వస్తాయి. కనుమనాడు పశువులను కడిగి అలంకరించి పూజిస్తారు. కోతలు ముగిశాక కళ్లంలో కుప్పలు నూర్చి, గాలికి తూర్పారపట్టి, ధాన్యపు రాశికి మ్రొక్కి, చాకలికి, కమ్మరికి, వడ్రంగికి ఇవ్వవలసిన భాగాలు కొలిచి ఇచ్చిన తరువాతనే మిగిలిన గింజలు గాదెకు చేరుతాయి. నెల్లూరు మొలగొలుకుల వరికి ఎంత ప్రసిద్ధి ఉందో ఆ సీమ పశువులకూ అంత ప్రసిద్ధి ఉంది. సముద్రాలు దాటి బ్రెజిల్ దేశం చేరిన ఈ పశుసంతతిని ఆ దేశస్థులు నేటికీ నెల్లూరు పేరుతోనే పిలుస్తారు.

ఈ సంవత్సరచక్రమే కృషీవలుడు కావ్యానికి ప్రాణం. నాగలితో బయలుదేరే రైతు, అతని శ్రమ, అతని గృహస్థ జీవనం, మారే ఋతువులు, పల్లె ప్రశాంతత ఇందులో వర్ణితమైనాయి. వస్తువు సామాన్యమైనదే అయినా దాని వెనుక ఉన్న భావం ఆ కాలానికి కొత్తది. రాజు చేతిలోని రాజదండం కంటె రైతు చేతిలోని నాగలే వందనీయమని రామిరెడ్డి నిస్సంకోచంగా ప్రకటించారు. రైతును చూసి జాలిపడమని ఆయన కోరలేదు, గౌరవించమని కోరారు. జాలికి, గౌరవానికి ఉన్న తేడాయే ఈ కావ్యపు విలువ.

ఆ కావ్యం వెలువడిన కాలాన్ని గుర్తుచేసుకుంటే ఈ గౌరవం ఎంత అవసరమైనదో తెలుస్తుంది. 1918లో మొదటి ప్రపంచ యుద్ధం ముగిసింది. అదే ఏడు దేశంలో చాలా భాగంలో వానలు ముఖం చాటేశాయి. ధాన్యం, బట్ట ధరలు మండిపోయాయి. ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి భారతదేశంలో కోటిమందికి పైగా ప్రజలను పొట్టనపెట్టుకుంది. 1917లో చంపారన్‌లో, 1918లో ఖేడాలో గాంధీజీ రైతుల పక్షాన నిలిచారు. దేశానికి వెన్నెముక రైతే అన్న సత్యం రాజకీయాలలో వినిపించసాగిన ఆ రోజులలోనే తెలుగు కవిత్వంలో కృషీవలుడు తలయెత్తి నిలిచాడు.

ఆ కాలంలో తెలుగునాట భావకవిత్వం వికసిస్తోంది. రాయప్రోలు సుబ్బారావు 1913లో తృణకంకణం వెలువరించి నూతన మార్గానికి నాంది పలికారు. యువకవులు ప్రకృతిని, ప్రణయాన్ని, స్వేచ్ఛను ఆరాధించారు. రామిరెడ్డి కూడా ఆ కొత్తగాలిని పీల్చినవారే. నలజారమ్మ, వనకుమారి వంటి ఆయన కావ్యాలలో ఆ నవ్యత కనిపిస్తుంది. అయితే ప్రకృతిని దూరం నుంచి చూసి మురిసే కవికి, దానితో నిత్యం తలపడే కవికి భేదముంది. మేఘం మొదటివానికి అందం, రెండవవానికి ఆశ, భయం కూడా. స్కాట్లండు దేశంలో పద్దెనిమిదవ శతాబ్దంలో రాబర్ట్ బర్న్స్ పొలం దున్నుతూనే కవిత్వం చెప్పి తన జాతికి ప్రియమైన కవి అయ్యాడు. తెలుగువారికి అటువంటి భాగ్యం రామిరెడ్డి వలన కలిగింది. ఆంధ్రలోకం ఆయనను కవికోకిల అనే బిరుదుతో సత్కరించింది.

రామిరెడ్డి ప్రతిభ ఒక్క వస్తువుతో ఆగిపోలేదు. పారశీక కవి ఉమర్ ఖయ్యాం రుబాయీలను పలువురు ఆంగ్లానువాదం ద్వారానే ఎరుగుదురు. రామిరెడ్డి మూలభాషను నేర్చి, వాటిని పానశాల అనే పేరుతో తెలుగు పద్యాలుగా మలచారు. ఏడువందల యాభై ఏళ్లకు పైబడిన కాలాన్ని, వేల మైళ్ల దూరాన్ని దాటి ఒక పారశీక మహాకవి ఒక నెల్లూరు రైతు చేతిలో తెలుగు పలుకు నేర్చాడు. కుంభరాణా, సీతావనవాసము వంటి నాటకాలను, పలితకేశము వంటి ఖండకావ్యాలను, సాహిత్య వ్యాసాలను రచించారు. కొంతకాలం చలనచిత్ర రంగంలోను పనిచేశారు. అయితే తెలుగు పాఠకులు ఆయన పేరు తలచినప్పుడు పానశాలతో పాటు మొదట స్మరించేది కృషీవలుడినే.

ఆయన ఉత్తర జీవితకాలంలో రైతు కష్టాలు తగ్గకపోగా పెరిగాయి. 1929లో మొదలైన ప్రపంచ ఆర్థికమాంద్యం ధాన్యపు ధరలను నేలకు దించింది. గింజకు ధర లేకపోయినా శిస్తు తగ్గలేదు, వడ్డీ ఆగలేదు. వెంకటగిరి జమీందారీలో రైతులు తమ హక్కులకోసం ఆందోళన సాగించారు. నెల్లూరు నుంచి జమీన్ రైతు పత్రిక వారి గొంతును వినిపించింది. ఆచార్య ఎన్.జి. రంగా రైతులను సంఘటితం చేశారు. 1938లో మద్రాసు ప్రభుత్వం ఋణభారం తగ్గించడానికి రైతు ఋణ ఉపశమన చట్టం చేసింది. నాగలి రాజదండం కంటె గొప్పదని ఒక కవి పద్యంలో చెప్పిన మాటకు శాసనసభలో కొంతైనా ప్రతిధ్వని వినిపించడానికి సుమారు ఇరవై ఏళ్లు పట్టింది.

1947 ఆగస్టు 15న దేశం స్వతంత్రమైంది. తరువాత ఇరవై ఏడు రోజులకే, సెప్టెంబరు 11న, రామిరెడ్డి కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు యాభై రెండేళ్లైనా నిండలేదు. ఈశాన్య ఋతుపవనం ఇంకా రాలేదు. చెరువులు నిండని ఆ వేళ, పైరు ఇంకా నాటని ఆ వేళ, పొలాలను ప్రేమించిన కవి పొలాలను వదలి వెళ్లారు. స్వతంత్ర భారతంలో కృషీవలుడి స్థానం ఏమిటో చూసే అవకాశం ఆయనకు దక్కలేదు.

ఇప్పుడు పొలాలలో నాగళ్ల స్థానాన్ని ట్రాక్టర్లు ఆక్రమించాయి. మొలగొలుకుల స్థానంలో తక్కువ కాలంలో పండే వంగడాలు వచ్చాయి. కళ్లంలో ఎద్దులు తిరిగిన చోట యంత్రాలు నూర్పిళ్లు చేస్తున్నాయి. సత్యవేడు పరిసరాలలో పొలాల సరసనే కర్మాగారాలు వెలిశాయి. అయినా చిత్త, స్వాతి కార్తెలు వచ్చేసరికి ఆ ప్రాంతపు రైతు నేటికీ తూర్పు ఆకాశం వైపు చూస్తూనే ఉన్నాడు. ఆ చూపులోని ఆశను, ఆందోళనను తెలిసినవాడు కాబట్టే దువ్వూరి రామిరెడ్డి కావ్యంలో రైతు సజీవంగా నిలిచాడు. చదువు మనిషిని మట్టికి దూరం చేయనక్కరలేదని, మట్టి మనిషిని చదువుకు దూరం చేయజాలదని ఆయన జీవితం నిరూపించింది. కంచంలో అన్నం ఉన్నంతకాలం ఆ కవి గౌరవించమన్న నాగలికి మనమంతా ఋణపడి ఉంటాము.