నీలం మాత్ర వెనుక మన సుబ్బారావుగారు

వారానికోసారి బడిలో ఇచ్చే నీలం మాత్రను మనం మొహం చిట్లించి మింగుతాం. అందులో ఇనుముతో పాటు ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. మన బస్తర్‌లో సికిల్‌సెల్ జబ్బున్న పిల్లలకు డాక్టర్లు దాన్ని విడిగా కూడా రాస్తారు. వాళ్ళ ఎర్రకణాలు త్వరగా పగిలిపోతాయి, ఎముకల్లోని మజ్జ కొత్తవి చేస్తూనే ఉండాలి. మజ్జలో రక్తాన్ని పుట్టించే మూలకణాలు ఉంటాయి. ఆ కణాలు ఒకటి రెండై పెరగాలంటే ఫోలిక్ యాసిడ్ కావాలి.

దాన్ని కాలేయం నుంచి వేరుచేసి, 1945లో ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి పెద్ద మన తెలుగువారే. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడోసారికి గాని గట్టెక్కలేదు. (మార్కులు ఇచ్చే రోజున మేం ఈ సంగతి క్లాసులో తప్పక చెబుతాం.) మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు తొడిగినందుకు ప్రొఫెసరుకు కోపం వచ్చింది, ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకున్నారు. అంతకన్నా పెద్ద దెబ్బ ఇంట్లో తగిలింది. స్ప్రూ అనే పేగుల జబ్బుతో ఇద్దరు అన్నదమ్ములు కొద్ది రోజుల తేడాతో పోయారు. తిన్నది ఒంటబట్టదు, రక్తం క్షీణిస్తుంది. అప్పటికి దానికి సరైన మందు లేదు.

1922లో మామగారి సాయంతో అమెరికా వెళ్ళారు. భార్య శేషగిరిగారిని మళ్ళీ చూడలేదు. పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. మన ఇళ్ళలో బదిలీ అంటే ఇల్లంతా కదులుతుంది, ఆయన ఒక్కరే కదిలారు. హార్వర్డ్‌లో చదువుతూ ఆసుపత్రిలో రాత్రిపూట పనిచేశారు. 1925లో ఫిస్క్‌తో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి చెప్పారు. 1940లో లెడర్లీ కంపెనీలో చేరారు.

ఫోలిక్ యాసిడ్ స్ప్రూ రోగుల రక్తాన్ని కోలుకునేలా చేసింది. అన్నదమ్ములకు అందని మందు అది.

ఆ తర్వాత బృందం దానికి నకలు చేసింది. నకలు తాళంచెవి తాళంలో దూరుతుంది గాని తిరగదు, అసలు చెవిని దూరనివ్వదు. అలా అమినోప్టెరిన్ అనే నకలు పిచ్చిగా పెరిగే కణాలను ఆపుతుంది. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ 1947లో దాన్ని రక్త కాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చారు. కొందరిలో జబ్బు కొన్నాళ్ళు వెనక్కి తగ్గింది, అంతకుముందు అలా జరగలేదు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్‌ను మూలకణాలు మార్చే చికిత్సలో నేటికీ వాడుతున్నారు.

1948 ఆగస్టులో, 53 ఏళ్ళ వయసులో, సుబ్బారావుగారు గుండెపోటుతో పోయారు. నోబెల్ రాలేదు. ఒక శిలీంధ్రానికి మాత్రం శాస్త్రవేత్తలు సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టారు.