అమెజాన్‌లో మాయమైన కల్నల్.. ఆయన వెతికిన నగరం నిజంగానే ఉందా?

1925 మే 29. బ్రెజిల్‌లోని మాటో గ్రోసో అడవుల్లో డెడ్ హార్స్ క్యాంప్ అనే చోటు నుంచి ఓ ఉత్తరం బయల్దేరింది. రాసింది బ్రిటిష్ కల్నల్ పెర్సీ ఫాసెట్. చేరాల్సింది భార్య నీనాకు. పక్కన ఉన్నది పెద్ద కొడుకు జాక్, అతని ఫ్రెండ్ రాలీ రిమెల్. దారి చూపడానికి వచ్చినవాళ్లను ఆ ఉత్తరంతో వెనక్కి పంపేసి ముగ్గురూ ముందుకెళ్లారు. అంతే.. బయటి ప్రపంచానికి మళ్లీ కనిపించలేదు.

ఇంతకీ ఎవరీ ఫాసెట్? 1867లో ఇంగ్లాండ్‌లోని టోర్కీలో పుట్టాడు. ఫిరంగి దళం ఆఫీసర్‌గా శ్రీలంకలోని ట్రింకోమలీలో పనిచేశాడు. నీనా పరిచయమైంది కూడా అక్కడే. 1906లో రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ తరఫున బొలీవియా, బ్రెజిల్ సరిహద్దు కొలవడానికి వెళ్లాడు. అప్పట్లో అక్కడ రబ్బరు చెట్టంటే డబ్బే, అందుకే గీత ఎక్కడ పడాలన్నది పెద్ద పంచాయితీ. జ్వరాలు, పురుగులతో తోటివాళ్లు కుప్పకూలినా ఈయన మాత్రం నడుస్తూనే ఉండేవాడు. 62 అడుగుల అనకొండను కాల్చానని కూడా చెప్పుకున్నాడు. నమ్మినవాళ్లు తక్కువే అనుకోండి!

ఆ తిరుగుళ్లలోనే ఆయనకు నగరం పిచ్చి పట్టుకుంది. రియో డి జనీరో జాతీయ గ్రంథాలయంలో 512 నంబర్ రాతప్రతి ఒకటుంది. గనుల వేటలో వెళ్లిన పోర్చుగీసు బృందం అడవిలో శిథిల రాతి నగరం చూసిందని 1753 నాటి ఆ కాగితాలు చెబుతాయి. అది బహియా ప్రాంతం కథ. ఫాసెట్ మాత్రం మాటో గ్రోసోలో ఇంకో నగరం ఉందని లెక్కేసి, దానికి జెడ్ అని పేరు పెట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడి వచ్చాక 1920లో వెతకబోయి, గుర్రం చనిపోవడంతో వెనుదిరిగాడు. ఆ క్యాంప్‌కు ఆ పేరు అలా వచ్చిందే.

ఇక్కడే అసలు మెలిక. అమెజాన్ అడవి పెద్ద జనాభాను పోషించలేదని అప్పటి పండితుల్లో చాలామంది అనుకునేవారు. పోషించగలదని ఫాసెట్ వాదన. అందులో ఆయనదే కరెక్ట్. కానీ ఆ నగరాన్ని కట్టింది స్థానికుల పూర్వీకులని మాత్రం ఒప్పుకోలేకపోయాడు. అట్లాంటిస్ నుంచి వచ్చిన తెల్లజాతి వాళ్ల పనై ఉంటుందని ఊహించాడు. తనకు తిండి పెట్టి, దారి చూపిన మనుషుల గురించి ఇలా ఆలోచించడం ఆ కాలపు జాత్యహంకారమే. మూడు ప్రాణాలు పోయింది ఆ ఊహ వెనకాలే.

తర్వాత వెతుకులాటలు మొదలయ్యాయి. 1928లో వెళ్లిన జార్జ్ డయాట్ ముగ్గురూ హత్యకు గురయ్యారని తేల్చాడు. 1932లో వెళ్లిన స్టీఫన్ రాటిన్ తిరిగి రానేలేదు. 1951లో దొరికిన ఎముకలు ఫాసెట్‌వేనని హడావుడి జరిగింది, పరీక్షిస్తే కాదని తేలింది. కలపాలో తెగ పెద్దలు చెప్పుకునే కథ వేరు. తూర్పు వైపు వెళ్లొద్దని హెచ్చరించినా ముగ్గురూ వినలేదట. కొన్నాళ్లు వాళ్ల మంటల పొగ కనిపించి, ఆ తర్వాత ఆగిపోయిందట. నీనా మాత్రం 1954లో చనిపోయేదాకా భర్త, కొడుకు బతికే ఉన్నారన్న ఆశతోనే గడిపింది.

మరి జెడ్ సంగతేంటి? ఫాసెట్ వెతికిన షింగు నది ఎగువ ప్రాంతంలోనే పురావస్తు పరిశోధకుడు మైఖేల్ హెకెన్‌బర్గర్ పాత ఊళ్ల ఆనవాళ్లు బయటపెట్టాడు. కుహికుగు అనే చోటుతో కలిపి దాదాపు 20 జనావాసాలు. చుట్టూ లోతైన కందకాలు, మధ్యలో పెద్ద మైదానాలు, ఊరికీ ఊరికీ మధ్య తిన్నని రోడ్లు. యూరప్ వాళ్లు రాకముందు ఇక్కడ వేల మంది ఉండేవారు. బయటి నుంచి వచ్చిన రోగాలతో జనం తగ్గిపోయారు, ఊళ్లను అడవి కమ్మేసింది.

రాతి గోడలు లేవు, అంతా మట్టి, కర్ర. రాతి తోరణాల కోసం చూసే కళ్లకు అవి గుట్టల్లా, గుంటల్లా కనిపించి ఉంటాయంతే. కట్టినవాళ్ల వారసులైన కుయికురో ప్రజలు ఇప్పటికీ అక్కడే ఉన్నారు. 2003లో సైన్స్ పత్రికలో వచ్చిన ఆ పరిశోధన పత్రం రచయితల్లో వాళ్ల పెద్ద అఫుకాకా కుయికురో పేరూ ఉంది.