చైనా నుండి కళింగకు వచ్చిన విద్యార్థి

విద్య కోసం చైనాకైనా వెళ్ళాలన్న మాట మన సభల్లో తరచు వినిపిస్తుంది. హదీసు పండితులు దాని పరంపరను బలహీనమైనదిగానే లెక్కించారు. కాని విద్య కోసమే చైనా నుండి మన నేలకు వచ్చిన పండితుడు ఒకరున్నారు. ఆయన పేరు హ్యుయాన్‌త్సాంగ్, బౌద్ధ భిక్షువు. ఆయన విశ్వాసం వేరు, మన విశ్వాసం వేరు. అయినా గ్రంథం విషయంలో ఆయన చూపిన జాగ్రత్త మన పిల్లలకు చెప్పదగినది.

602 ప్రాంతంలో లోయాంగ్ నగరానికి దగ్గరలో, కన్ఫ్యూషియస్ బోధనలు చదువుకున్న పండిత కుటుంబంలో ఆయన జన్మించారు. అన్నగారి వెంట బాల్యంలోనే మఠంలో చేరారు. దైవప్రవక్త (స) మదీనాకు హిజ్రత్ చేసిన 622లోనే ఆయన పూర్తి దీక్ష తీసుకున్నారు. ఎందరో గురువుల దగ్గర చదివారు గాని సందేహం తీరలేదు. ఒకే విషయాన్ని ఒక్కో గురువు ఒక్కో విధంగా చెప్పేవారు, చైనీస్ అనువాదాలు కూడా ఒకదానితో ఒకటి పొసగేవి కావు. మూలగ్రంథాలనే చదవాలని నిశ్చయించుకున్నారు.

ఆ రోజుల్లో సరిహద్దు దాటడం చక్రవర్తి ఆజ్ఞను ధిక్కరించడమే. 629లో రహస్యంగా బయలుదేరారు. ఎడారిలో నీళ్ళతిత్తి చేజారి ఒలికిపోయింది. నాలుగైదు రోజులు చుక్క నీరు లేకుండా నడిచారు. తుర్ఫాన్ రాజు ఆయన మీది గౌరవంతోనే తన దగ్గర ఉంచేసుకోబోయాడు. ఆయన అన్నపానాలు మానేసి కూర్చుంటే గాని వదలలేదు!

నలందలో వృద్ధ గురువు శీలభద్రుని దగ్గర ఏళ్ళ తరబడి చదివి, 639 ప్రాంతంలో దక్షిణానికి వచ్చారు. అది హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలం. గంజాం వైపు నుండి కళింగలో అడుగుపెట్టారు. ఒక ప్రక్క మహేంద్రగిరి, మరో ప్రక్క సముద్రం, నడుమ నౌపడ ఉప్పు మడులున్న ఈ సన్నని నేల అటు నుండి వచ్చేవారికి సహజమైన దారి. ఆయన రాజధాని పేరు రాయలేదు. అది ముఖలింగమని కొందరు, రాజమహేంద్రవరమని కొందరు చరిత్రకారులు వాదిస్తున్నారు.

దట్టమైన అడవులు, పొరుగు రాజులు కోరుకునే నల్లని ఏనుగులు, స్పష్టమైన ఉచ్చారణ, కాస్త మొరటైనా మాట తప్పని మనుషులు... ఇదీ ఆయన చూసిన కళింగ. ఒకప్పుడు భుజాలు రాసుకునేంత జనం ఉండేవారని, ఒక తాపసి శాపంతో ఊళ్ళు ఖాళీ అయ్యాయని విన్నది విన్నట్లు రాశారు. శాపం కథ ఎలా ఉన్నా, జనం పలచగా ఉన్నారన్నది ఆయన కళ్ళారా చూసినదే. తన ధర్మం వారి మఠాలు పది మాత్రమే ఉన్నాయని, ఇతరుల ఆలయాలు వందకు పైగా ఉన్నాయని కూడా దాచకుండా రాశారు. తన వర్గానికి గిట్టని లెక్కను ఉన్నదున్నట్లు రాయడానికి ధైర్యం కావాలి.

తరువాత వేంగికి వెళ్ళారు. ఆంధ్రుల భాష మధ్యదేశపు భాషకు భిన్నమని, అక్షరాలు మాత్రం చాలావరకు ఒకటేనని గమనించారు. ధాన్యకటకంలో, అంటే నేటి అమరావతిలో, చాలా మఠాలు అప్పటికే పాడుబడ్డాయి. అప్పటికే ఆయన పేరు మోసిన పండితుడు. అయినా అక్కడ ఇద్దరు భిక్షువుల ముందు శిష్యునిగా కూర్చొని, తనకు తెలియని శాస్త్రం కొన్ని నెలలు నేర్చుకున్నారు. బదులుగా తనకు తెలిసినది వారికి చెప్పారు.

645లో 657 గ్రంథాలను ఇరవై గుర్రాలపై వేసుకొని చాంగాన్ చేరారు. సింధు నదిలో కొన్ని ప్రతులు కొట్టుకుపోతే, మళ్ళీ తెప్పించుకోవడానికి దారిలో ఆగారు. చక్రవర్తి క్షమించడమే గాక మంత్రి పదవి ఇవ్వజూపాడు. ఆయన అనువాదానికి అనుమతి చాలన్నారు. 651లో అరబ్బు రాయబారులు చాంగాన్ వచ్చినట్లు చైనా చరిత్రలో నమోదైంది. అప్పుడు ఆయన అదే నగరంలో అనువాదంలో మునిగి ఉన్నారు.

చివరి పెద్ద గ్రంథం ఆరువందల సంపుటాలది. చెప్పిందే మళ్ళీ చెప్పినట్లుందని, కుదించమని శిష్యులు కోరారు. మొదట సరేనన్నారు గాని మనసొప్పక ఒక్క ముక్కా వదలకుండా 663లో పూర్తి చేశారు. మరో గ్రంథం మొదలుపెట్టమన్నారు. కొన్ని పంక్తులు చేసి, ఇక శక్తి చాలదని ప్రతిని మూసేశారు. 664లో ఆయన కన్నుమూశారు.