ఇమ్రోజ్ సంపాదకులు మర్హూమ్ షోయబుల్లాఖాన్

ఫార్సీలో ఇమ్రోజ్ అంటే ఈ రోజు. ఆ పేరుతో హైదరాబాదులో ఒక ఉర్దూ దినపత్రిక ఏడాదైనా నిండకుండానే వచ్చి పోయింది. లాహోరులో 1948లో మొదలైన ఇమ్రోజ్ వేరు, ఇది వేరు. మేము ఉర్దూ మీడియం బడిలో పిల్లలకు షాయర్ల జీవితాలు చెప్తుంటాము గానీ, ఈ పత్రిక నడిపిన మనిషిని గురించి చెప్పిందే తక్కువ.

షోయబుల్లాఖాన్ 1920 అక్టోబరులో వరంగల్ జిల్లా మహబూబాబాద్ తాలూకా సుబ్రవేడులో జన్మించారు. తండ్రిగారు హబీబుల్లాఖాన్ రైల్వే పోలీసులో ఉద్యోగి. ఉస్మానియాలో బి.ఏ. అయిన కుర్రవాడికి ఆ రోజుల్లో సర్కారు కొలువు కష్టమేమీ కాదు. ఆయన మాత్రం తేజ్ పత్రికలో చేరారు. సర్కారు దాన్ని మూయించింది. తర్వాత మందుముల నరసింగరావుగారి రయ్యత్‌లో పనిచేశారు, దానికీ అదే గతి పట్టింది. అప్పుడు బూర్గుల రామకృష్ణారావుగారు మొదలైన పెద్దల సహాయంతో 1947 నవంబరులో సొంతంగా ఇమ్రోజ్ పెట్టారు.

పత్రిక వైఖరిలో దాపరికం లేదు. నిజాం రాజ్యం ఇండియన్ యూనియన్‌లో కలవాలి, ప్రజలకు బాధ్యత వహించే ప్రభుత్వం రావాలి, రజాకార్ల దౌర్జన్యం ఆగాలి. ఈ మాటలు అప్పట్లో తెలుగులో, మరాఠీలో చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు. షోయబ్ సాహెబ్ ఉర్దూలో చెప్పారు. ఉర్దూ దర్బారు భాష, కచేరీ భాష. ఇంకొకరు రాస్తే పరాయివాడి మాట అని కొట్టిపారేయవచ్చు. సొంత ఇంటివాడు సొంత జబానులో రాస్తే ఏమనాలి? రజాకార్ల కోపమంతా అక్కడే ఉందని మా అభిప్రాయం.

1948 ఆగస్టు 13న ఏడుగురు ముస్లిం పెద్దలు ఒక ప్రకటన రాశారు. మంజూర్ జంగ్, బాకర్ అలీ మీర్జా, తహసీల్దారు పదవికి రాజీనామా ఇచ్చిన ఫరీద్ మీర్జా వారిలో ఉన్నారు. రజాకార్ల సంస్థను రద్దు చేయాలి, రాజ్యం యూనియన్‌లో చేరాలి అన్నది సారాంశం. దాన్ని అచ్చువేయడమంటే ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. ఇమ్రోజ్ అచ్చువేసింది. ఆగస్టు 19న జమరుద్ మహల్ సభలో ఖాసిం రజ్వీ, తమకు ఎదురు లేచే చేతులు తెగిపడతాయని బెదిరించాడు.

రెండు రోజులు గడిచాయి. 21వ తేదీ రాత్రి పత్రిక పని ముగించుకొని, బావమరిది ఇస్మాయిల్ ఖాన్‌తో కలిసి కాచిగూడలో ఇంటికి నడిచి వస్తున్నారు. వెనుకనుంచి తుపాకి పేలింది. పడిపోయిన మనిషి చేతిని కత్తితో నరికారు. అడ్డం వచ్చిన ఇస్మాయిల్ చెయ్యి కూడా పోయింది. తెల్లవారకముందే షోయబ్ సాహెబ్ కన్నుమూశారు. ఇన్నాలిల్లాహి. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళు నిండలేదు. ఇంట్లో అమ్మా నాన్నా, భార్యా ఉన్నారు.

సెప్టెంబరు 13న భారత సైన్యం వచ్చింది. అయిదు రోజుల్లో అంతా అయిపోయింది. ఆ వెనుక మరాఠ్వాడాలోను, చుట్టుపక్కల జిల్లాల్లోను వేలాదిమంది ముస్లింల ప్రాణాలు పోయాయి. ఆ దుఃఖం వల్ల మన పెద్దలు ఆ సంవత్సరం మాటే ఎత్తేవారు కాదు. వారి మౌనంలో రజాకార్ల పేరుతోపాటు, వాళ్ళ చేతిలో చనిపోయినవాడి పేరు కూడా కలిసిపోయింది. ఇది న్యాయమేనా అని మేము పెద్దలను అడగలేకపోయాము. ఈ సంవత్సరం తొమ్మిదో తరగతి పిల్లలకు మాత్రం ఇమ్రోజ్ అన్న మాటకు అర్థం చెప్పి, ఆ గంటంతా ఆయన కథే చెప్పాము.