టీవీ కనిపెట్టాడు.. కాగితంతో గెలిచాడు!

ప్రాజెక్టు ఎక్స్‌పోలో పెట్టేద్దాం, పేటెంట్ సంగతి తర్వాత చూద్దాంలే అనుకుంటున్నారా? అయితే ఫైలో ఫార్న్స్‌వర్త్ కథ చదవాల్సిందే.

1906లో అమెరికాలోని యూటాలో ఓ రైతు ఇంట్లో పుట్టాడు ఫైలో. ఐడహోలో పొలం దున్నుతున్నప్పుడు ఆ చాళ్లు చూసి ఓ ఆలోచన తట్టిందట. బొమ్మను కూడా ఇలాగే వరసలుగా విడగొట్టి ఎలక్ట్రాన్లతో పంపితే? 1922లో హైస్కూల్లో ఉండగానే కెమిస్ట్రీ మాస్టారు జస్టిన్ టోల్మన్‌కి ఆ డిజైన్ గీసి చూపించాడు. తర్వాత తండ్రి చనిపోవడంతో కాలేజీ చదువు మధ్యలోనే ఆగింది. పట్టుదల మాత్రం ఆగలేదు.

1927 జనవరి 7న పేటెంట్‌కి దరఖాస్తు పెట్టాడు. శాన్‌ఫ్రాన్సిస్కో ల్యాబ్‌లో తొలి చిత్రంగా ఒక గీతను ప్రసారం చేసింది ఆ తర్వాతే, సెప్టెంబరు 7న. అంటే ముందు కాగితం, తర్వాతే ప్రదర్శన. 1930లో పేటెంట్ వచ్చింది.

అప్పుడు ఎదురొచ్చింది రేడియో దిగ్గజం ఆర్‌సీఏ. తమ ఇంజినీర్ జ్వోరికిన్ 1923లోనే దరఖాస్తు చేశాడని వాదించింది. టోల్మన్ మాస్టారు వచ్చి, శిష్యుడు గీసిన బొమ్మను గుర్తుతెచ్చుకుని గీసి చూపించారు. మనసుని కదిలించే సాక్ష్యమే! కానీ కేసును గెలిపించింది అది కాదు. వివాదంలో ఉన్న పరికరం గురించి జ్వోరికిన్ దరఖాస్తులో మొదట రాసిన వివరాలు సరిపోవని పేటెంట్ ఆఫీసు తేల్చింది. దాంతో 1927 దరఖాస్తే నిలబడింది. 1935లో ఫైలో గెలిచాడు. 1939లో ఆర్‌సీఏ రాయల్టీ కట్టడానికి ఒప్పుకుంది.

అయితే యుద్ధం వచ్చి టీవీల తయారీ ఆగిపోయింది. అప్పట్లో పేటెంట్ గడువు మంజూరైనప్పటి నుంచి 17 ఏళ్లే. అమ్మకాలు ఊపందుకునే వేళకి ఆ తొలి పేటెంట్ గడువు తీరిపోయింది. 1971లో ఆయన కన్నుమూశారు.

మనకేంటి పాఠం? మన దేశంలో గడువు దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు. ప్రొవిజనల్ దరఖాస్తుతో తేదీ పక్కా చేసుకుని, 12 నెలల్లో పూర్తి వివరాలు ఇవ్వొచ్చు. అందుకే నోట్‌బుక్‌లో తేదీలు వేయండి, పరికరం ఎలా పనిచేస్తుందో పూర్తిగా రాయండి, బయట చూపించే ముందే ఫైల్ చేయండి.

ఇంకో మాట. పేటెంట్ ఏజెంట్ పరీక్ష రాయడానికి లా డిగ్రీ అక్కర్లేదు. సైన్స్, ఇంజినీరింగ్ డిగ్రీ చాలు. ఇలాంటి వాదనలు రాసే ఉద్యోగం మీదే కావొచ్చు!