విలియం కేరీ: పెళ్లి ప్రమాణానికి పన్నెండేళ్ల పరీక్ష

విలియం కేరీ పేరు తెలుగు భాషా చరిత్రలోనూ ఉంది. 1814లో కోల్‌కతా దగ్గరి శ్రీరాంపూర్ ప్రెస్‌లో అచ్చయిన తెలుగు వ్యాకరణం ఆయనదే. బైబిలు అనువాదకుడిగా, ఫోర్ట్ విలియం కాలేజీ అధ్యాపకుడిగా, బెంగాలీ గద్యానికి బాట వేసినవారిలో ఒకడిగా ఆయన ప్రసిద్ధుడు. అయితే ఆ తొలి పుస్తకాలు తయారవుతున్న రోజుల్లో ఆయన ఇంట్లో మతి చలించిన భార్య ఉండేదన్న సంగతి చాలామందికి తెలియదు.

కేరీ 1761లో ఇంగ్లండ్‌లోని నార్తాంప్టన్‌షైర్‌లో పుట్టాడు. బూట్లు కుట్టడం ఆయన వృత్తి. 1781లో డొరోతీ ప్లాకెట్‌ను పెళ్లాడాడు. అప్పటికి ఆయనకు పంతొమ్మిదేళ్లు, ఆమెకు పాతికేళ్లు. అక్షరాలు రాని డొరోతీ చర్చి రిజిస్టరులో సంతకానికి బదులు గుర్తు పెట్టింది.

పన్నెండేళ్ల తర్వాత కేరీ భారతదేశానికి మిషనరీగా వెళ్తానన్నప్పుడు ఆమె రానని తెగేసి చెప్పింది. ఆమె గర్భవతి. అంతకు ముందే ఇద్దరు ఆడపిల్లలను పోగొట్టుకుంది. కేరీ పెద్దకొడుకును తీసుకుని బయల్దేరడానికి సిద్ధపడ్డాడు. అనుకోకుండా ప్రయాణం వాయిదా పడింది. ఈలోగా కాన్పయింది. సహచరుడు జాన్ థామస్ గట్టిగా ఒత్తిడి చేయగా, చెల్లెలు తోడు వస్తుందన్న షరతు మీద డొరోతీ ఒప్పుకుంది. చంటిబిడ్డతో సహా నలుగురు కొడుకులతో వాళ్లు 1793 జూన్‌లో ఓడ ఎక్కి, నవంబరు 11న కోల్‌కతా చేరారు.

తెచ్చుకున్న డబ్బు కొద్దివారాల్లోనే కరిగిపోయింది. మానిక్‌తలాలో ఎవరో ఇచ్చిన ఇంట్లో తలదాచుకున్నారు. అక్కడి నుంచి సుందరబన్స్‌కు, తర్వాత మాల్దా ప్రాంతంలోని నీలిమందు ఫ్యాక్టరీకి మారారు. డొరోతీని రక్తవిరేచనాలు పీడించాయి. తోడుగా వచ్చిన చెల్లెలు పెళ్లి చేసుకుని వేరుపడింది. 1794లో ఐదేళ్ల పీటర్ రక్తవిరేచనాలతో చనిపోయాడు. ఆ దెబ్బ నుంచి డొరోతీ కోలుకోలేదు.

1795 నుంచి ఆమెకు ఒకే భ్రమ పట్టుకుంది, భర్తకు పరాయి స్త్రీలతో సంబంధాలున్నాయని. వీధిలో వెంటపడి అందరి ముందూ నిందించేది. థామస్ ఇంగ్లండ్‌కు రాసిన ఉత్తరంలో ఈ విషయం ఉంది. ఏ తప్పూ చేయని మనిషి, ఆ తప్పే చేశాడన్న నిందను రోజూ సొంత ఇంట్లోనే మోయాల్సి వచ్చింది.

పౌలు ఎఫెసీయులకు రాసిన పత్రికలో భార్యాభర్తల బంధాన్ని క్రీస్తుకూ సంఘానికీ ఉన్న బంధంతో పోల్చాడు. అక్కడ భర్త ప్రేమకు కొలత అధికారం కాదు, తనను తాను అప్పగించుకోవడం. కేరీ దాన్ని ప్రసంగంగా కాక, దినచర్యగా పాటించాల్సి వచ్చింది. డొరోతీని పిచ్చాసుపత్రికి పంపమని సలహాలు వచ్చాయి. అప్పట్లో అలాంటి చోట్ల రోగుల పట్ల ప్రవర్తన ఎంత క్రూరంగా ఉండేదో తెలిసిన ఆయన ఒప్పుకోలేదు. 1800లో శ్రీరాంపూర్‌కు మారాక కూడా ఇంట్లోనే, చాలాకాలం గదిలో కట్టడిలో ఉంచి చూసుకున్నాడు. 1801లో బెంగాలీ కొత్త నిబంధన వెలువడింది. అదే ఏడాది నుంచి పాఠాల కోసం శ్రీరాంపూర్, కోల్‌కతాల మధ్య రాకపోకలు మొదలయ్యాయి. డొరోతీ 1807 డిసెంబరు 8న జ్వరంతో కన్నుమూసింది.

ఆ విశ్వసనీయత నిజమైనదే. కానీ అది ఆమెకు జరిగిన అన్యాయాన్ని చెరిపేయదు. రానన్న మనిషిని సముద్రం దాటించిన నిర్ణయంలో ఆమె మాటకు విలువ దక్కలేదు. దేవుని పిలుపు పట్ల విధేయత, భార్య పట్ల బాధ్యత ఎదురుపడ్డప్పుడు కేరీ మొదటిదాన్ని ఎంచుకున్నాడు. రెండోదాని ఖరీదు డొరోతీ చెల్లించింది. పన్నెండేళ్ల సహనం గొప్పదే, కానీ 1793లో ఆమె కోరింది అది కాదు.

ఆరు నెలలైనా తిరగకుండానే, 1808 మే నెలలో, కేరీ షార్లెట్ రూమోర్‌ను పెళ్లి చేసుకున్నాడు. ఇంత తొందరేమిటని సహచరులు అభ్యంతరపడ్డారు. ఆరోగ్యం బలహీనమైనా చదువుకున్న, పలు భాషలు తెలిసిన షార్లెట్ అనువాదాల్లో సాయపడింది. 1821లో ఆమె చనిపోయే వరకు అది అన్యోన్య దాంపత్యం. తర్వాత వితంతువైన గ్రేస్ హ్యూస్‌ను పెళ్లాడాడు.

భార్య పాతివ్రత్యాన్ని చితి మీద నిరూపించమన్న ఆచారంపై కేరీ ఏళ్ల తరబడి పోరాడాడు. 1829 డిసెంబరులో సతీ నిషేధ ఉత్తర్వు అనువాదానికి వచ్చింది ఆదివారం నాడు. ప్రసంగం వేరొకరికి అప్పగించి, ఆ రోజే దాన్ని బెంగాలీలోకి తెచ్చాడు. ఆలస్యమైతే మరో స్త్రీ కాలిపోవచ్చన్నదే ఆయన ఆందోళన.

కేరీ 1834 జూన్ 9న శ్రీరాంపూర్‌లో చనిపోయాడు. తనను షార్లెట్ పక్కనే ఖననం చేయమని వీలునామాలో కోరాడు. డొరోతీ గురించి మనకు తెలిసింది ప్రధానంగా భర్త, ఆయన మిత్రులు రాసిన ఉత్తరాల నుంచే. కేరీ నిలబెట్టుకున్న మాటను మెచ్చుకునేటప్పుడు, ఆమె మొదట చెప్పిన కాదన్న మాటను కూడా లెక్కలోకి తీసుకోవాలి.