పత్రిక నుంచి తెర దాకా: గూడవల్లి రామబ్రహ్మం

స్వర్ణోత్సవ సంచికకు ఎవరైనా ఒక ప్రముఖుడి జీవితం గురించి రాయమని పూర్వ విద్యార్థుల సంఘం మిత్రులు అడిగారు. నేను ఎంచుకున్నది సినిమా దర్శకుడు గూడవల్లి రామబ్రహ్మం గారిని. బడి సంచికలో సినిమా ఏమిటని మన మాస్టార్లు కోప్పడరనే అనుకుంటున్నాను.

చదువుకునే రోజుల్లో బాలానగర్ చౌరస్తాలో బస్సెక్కి, సినిమావాళ్లు కనిపిస్తారేమోనని అమీర్‌పేట సారథి స్టూడియో గేటు దగ్గర నిలబడినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆ సారథి అనే పేరు హైదరాబాదుకు సినిమా పరిశ్రమ రాకముందే మద్రాసులో పుట్టిందని చాలా ఏళ్ల తర్వాత గాని తెలియలేదు. చల్లపల్లి జమీందారు యార్లగడ్డ శివరామప్రసాద్ గారి పెట్టుబడితో రామబ్రహ్మం గారు నడిపిన సంస్థ పేరు సారథి ఫిలిమ్స్.

రామబ్రహ్మం గారు 1902లో కృష్ణా జిల్లా నందమూరులో పుట్టారు. సినిమాల్లోకి రాకముందు పత్రికా సంపాదకులు. మద్రాసు నుంచి ప్రజామిత్ర వారపత్రిక నడిపారు. సినిమాల్లోకి వచ్చాక కూడా ఆయనలోని సంపాదకుడు పోలేదు. ఏ విషయం ఎవరు రాస్తే బాగుంటుందో ఎరిగి, వాళ్ల చేతనే రాయించేవారు. తెలుగు తెర మీద పురాణ కథలదే రాజ్యమైన ఆ రోజుల్లో మన చుట్టూ ఉన్న మనుషుల కథలు తీయడానికి పూనుకున్నారు.

1938లో వచ్చిన మాలపిల్లకు కథ చలం గారిది, మాటలు తాపీ ధర్మారావు గారివి. పాత్రలు గ్రాంథికం వదిలి మనం మాట్లాడుకునే తెలుగులో మాట్లాడాయి. హరిజనుల ఆలయ ప్రవేశం, పూజారి కొడుకుకూ దళిత యువతికీ మధ్య ప్రేమ అందులోని కథ. కాంచనమాల కథానాయిక, గోవిందరాజుల సుబ్బారావు గారు పూజారి. సంప్రదాయవాదులు మండిపడ్డా జనం ఆదరించారు.

మరుసటి ఏడు రైతుబిడ్డ. ఈసారి జమీందారీ వ్యవస్థ మీద. ఒక జమీందారు డబ్బుతోనే జమీందారీకి ఎదురు నిలిచే సినిమా తీయడం, దానికి ఆ జమీందారు ఒప్పుకోవడం రెండూ విశేషాలే. బళ్లారి రాఘవ గారు రైతుగా నటించారు. గోపీచంద్ గారు మాటలు రాశారు. కొసరాజు గారు సినిమా రంగానికి పరిచయమైంది ఈ చిత్రంతోనే. మిగతా జమీందార్లు ఊరుకోలేదు. కొన్నిచోట్ల సినిమా ప్రదర్శనే నిషేధించారు.

ఆ దెబ్బతో ఆయన ఆగిపోలేదు. ఇల్లాలు, అపవాదు, పత్ని, పంతులమ్మ వరుసగా తీశారు. 1945లో జానపద కథతో మాయాలోకం కూడా తీశారు. అన్నీ మాలపిల్ల అంత పదునైనవని చెప్పను. సినిమాకు డబ్బు కావాలి, జనం రావాలి. ఆ రెంటి మధ్య తను అనుకున్నది చెప్పడం ఎంత కష్టమో ఆయన చిత్రాల వరుస చూస్తేనే అర్థమవుతుంది. పల్నాటి యుద్ధం తీస్తూండగా 1946 అక్టోబరు 1న కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 44 ఏళ్లే. ఎల్.వి. ప్రసాద్ గారు ఆ చిత్రాన్ని పూర్తి చేయగా 1947లో విడుదలైంది.

నేను మాలపిల్ల చూసింది ఉద్యోగ విరమణ తర్వాత. పాత సినిమా కదా, కాలక్షేపానికని మొదలుపెట్టాను. కొంతసేపటికి మా ఇల్లు గుర్తొచ్చింది. మన బడిలో ఫ్యాక్టరీ కార్మికుల పిల్లలం, ఏ జిల్లా నుంచి వచ్చినవాళ్లమైనా, ఏ కులంవాళ్లమైనా ఒకే బెంచీ మీద కూర్చున్నాం. ఆ సంగతి గొప్పగా చెప్పుకుంటాం కూడా. కానీ నా బెంచీ మిత్రుడు ఇంటికి వస్తే మా వాళ్లు మంచినీళ్లు విడిగా పెట్టిన గ్లాసులో ఇచ్చేవారు. వాడు తాగేవాడు. నేను చూసేవాణ్ణి. ఒక్కసారి కూడా నోరెత్తలేదు. అప్పటికి మాలపిల్ల వచ్చి దాదాపు నలభై ఏళ్లయింది. మా వీధి చివర ఆగిన ఆ సినిమా మా గడప దాటి లోపలికి రాలేదు.

ఇప్పుడు బాలానగర్ చౌరస్తా మీద ఫ్లైఓవర్ వచ్చింది. మన పాత ఊరు గుర్తుపట్టలేనంత మారింది. రామబ్రహ్మం గారు అడిగిన ప్రశ్న మాత్రం ఎక్కడికీ పోలేదు. ఎవరి డబ్బుతో సినిమా తీస్తున్నారో వాళ్ల వర్గాన్నే నిలదీసిన మనిషి ముందు, సొంత ఇంట్లో ఒక గ్లాసు గురించి అడగలేకపోయిన నేను చిన్నబోయాను.

స్వర్ణోత్సవానికి ఆ మిత్రుడు వస్తానన్నాడు. నలభై అయిదేళ్లు ఆలస్యమైనా సరే, ఆ మాట వాడితో ఎదురుగా కూర్చుని చెప్పాలి. ఆ తర్వాత వాణ్ణి మా ఇంటికి భోజనానికి తీసుకెళ్లాలి.